తెరపై వైకల్యము: చిహ్నమా, జీవితమా?

చలనచిత్రశాలలో దీపములార్పి బొమ్మ మొదలిడిన పిదప, ఒంటికన్నువాడో, కాలీడ్చుచు నడచువాడో, ముఖమున కాలిన మచ్చ గలవాడో తెరమీద కనబడినయెడల, అతడు నోరు విప్పకమునుపే ప్రేక్షకుడు అతనిని దుష్టుడని నిశ్చయించుకొనును. అదే కన్నులు కానరాని ముసలితల్లియో, మాటరాని చెల్లెలో అయినయెడల చేతిరుమాలు వెదకుకొనును. ఈ రెండు నిశ్చయములకును ఆ పాత్ర చేసిన పనితోగాని, ఆడిన మాటతోగాని సంబంధము లేదు. దేహమందలి లోపము కథకునికొక సంకేతమైనది. దానిని చదువుకొనుటకు మనము చిన్ననాటినుండియు అలవాటుపడితిమి. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున 2 కోట్ల 68 లక్షలమంది, అనగా నూటికి ఇద్దరికి మించి, వికలాంగులున్నారు. ఇంతమంది బ్రదుకులను మన సినిమాలును, టీవీ ధారావాహికలును ఏ రూపమున లోకమునకు చూపుచున్నవో విచారింపదగియున్నది.

ఈ సంకేతభాష సినిమావారు కనిపెట్టినది కాదు. రామాయణమున కైక మనస్సు విరిచిన మంథరకు గూని యున్నది. శకునికి లోకకథలు కుంటినడకను తగిలించినవి. 1988లో దూరదర్శన్‌లో ప్రారంభమైన బి.ఆర్. చోప్రా 'మహాభారత్'లో గూఫీ పేంటల్ ధరించిన శకుని ఆ కుంటుతోనే ఇంటింటికి వచ్చెను. ఆనాటి పిల్లలకు శకుని పాచికలెంత గుర్తో, ఆ నడకయు నంతే గుర్తు. అయితే అదే సంప్రదాయమున అష్టావక్రుడును ఉన్నాడు. ఎనిమిది వంకరలుగల దేహముతో జనకుని కొలువునకేగి పండితుని వాదమున జయించిన ఆ మహనీయుని వృత్తాంతము, మంథర వృత్తాంతము వాడుకకు వచ్చినంతగా మన తెరవారికి వాడుకకు రాలేదు. పురాణములు రెంటిని ఇచ్చినవి, ఏరుకొన్నది మనము.

ఈ ఏరుకొనుట ఎట్లు జరుగునో తెలియుటకు లలితా పవార్ చరిత్ర మొక్కటి చాలును. మూకీచిత్రముల కాలమునుండియు నాయిక వేషములు వేసిన ఆ నటికి, 1942లో ఒక చిత్రీకరణమున సహనటుని చెంపదెబ్బ మోతాదు మించి తగిలి, ముఖమునకు పక్షవాతము సోకెను. ఏండ్ల తరబడి చికిత్స జరిగినను ఎడమకన్ను మునుపటివలె కాలేదు. ఆమె నటనాశక్తి వెంట్రుకవాసియైనను తగ్గలేదు. తగ్గినది ఆమెకు వచ్చు వేషముల వైవిధ్యమే. సగము మూతపడిన ఆ కన్ను దర్శకులకు గయ్యాళి అత్త కన్నుగా తోచెను. 'అనాడీ' (1959)లో పైకి కరుకుగా నుండి లోన కరిగిపోవు ఇంటియజమానురాలి వేషము దొరకినప్పుడామె ఫిల్మ్‌ఫేర్ బహుమానము గెలుచుకొన్నది. అయినను లోకము ఆమెను ఆరళ్లు పెట్టు అత్తగనే గుర్తుంచుకొన్నది. రామానంద్ సాగర్ 'రామాయణ్'లో మంథర వేషమును ఆమెకే వచ్చినది. గాయము తగిలినది కన్నుకు. శిక్ష పడినది వేషమునకు.

రచయితలు దుర్మార్గులై ఇట్లు వ్రాయుదురని యనరాదు. రెండున్నర గంటలలో పదిమంది పాత్రలను ప్రవేశపెట్టి, పాటలు పాడించి, తగవులు పెట్టి, మరల కలుపవలసిన కథకునికి, చూచిన క్షణముననే పాత్రను పట్టియిచ్చు గుర్తు మిక్కిలి సౌకర్యము. విలనునికి గాజుకన్ను పెట్టినచో అతని క్రౌర్యమునకు వేరే కారణము వ్రాయనక్కరలేదు. చెల్లెలిని మూగదానిని చేసినచో ఆమెకు సంభాషణలు వ్రాయు శ్రమయు తప్పును. సౌకర్యము అలవాటై, అలవాటు సంప్రదాయమై, సంప్రదాయము చివరకు సత్యమువలె చలామణి యగుచున్నది.

దుష్టత్వము తరువాతి మూస జాలి. జాలికథకు ముగింపులు రెండే: ఆ పాత్ర మరణించుటయో, ఆ వైకల్యము మాయమగుటయో. 'అమర్ అక్బర్ ఆంథొనీ' (1977)లో ప్రమాదమున చూపు కోల్పోయిన తల్లికి సాయిబాబా సన్నిధిని చూపు మరలివచ్చును. థియేటరులో ఈలలు మ్రోగిన ఘట్టమది. కాని ఆ ఈలలలో కలియలేని ప్రేక్షకుడొకడు ఉండును. భక్తికి ప్రతిఫలము చూపే యైనచో, చూపు రానివారి భక్తి చాలలేదనియే గదా అర్థము! ఇక టీవీ ధారావాహికలలో వైకల్యము కథ చల్లబడినప్పుడు ఎగదోయు చితుకువంటిది. ప్రమాదము జరుగును, నాయిక చక్రాల కుర్చీలో కూర్చుండును, కొన్ని వారములు ఇల్లంతయు ఏడ్చును, పిదప ఒక శుభదినమున లేచి నడచును. లేదా ఎత్తులు వేయు తోడికోడలు కాళ్లు పడిపోయినట్లు నటించి, గది తలుపు మూయగనే లేచి నవ్వును. ఆ కుర్చీ వాకిట గడపను ఎట్లు దాటినదో, స్నానాలగదిలోనికి ఎట్లు పోయినదో ఏ భాగమునందును చూపరు.

మన తెలుగున ఈ మూసలనుండి వైకల్యపాత్రను పైకెత్తిన ఘనత చాలవరకు కె. విశ్వనాథ్‌గారిది. 'సిరిసిరిమువ్వ' (1976)లో మాటరాని నర్తకి, 'స్వాతిముత్యం' (1986)లో వయస్సుతోపాటు బుద్ధి పెరుగని శివయ్య, అదే యేడు 'సిరివెన్నెల'లో అంధుడైన వేణుగాన విద్వాంసుడు, మూగయైన చిత్రకారిణి: వీరెవ్వరును పక్కపాత్రలు కారు, కథ వీరిదే. 'సిరివెన్నెల' మూలమున నున్న చిక్కు మిక్కిలి సునిశితమైనది. ఆమె సైగ చేసిన నతడు చూడలేడు. అతడు పలికిన నామె వినగలదు గాని బదులు పలుకలేదు. ఇద్దరి నడుమ భావము ప్రవహించుటకు దారి యెక్కడ నన్న ప్రశ్నతో కథ నడచుటచే, వైకల్యము అలంకారము గాక కథాశరీరమే యైనది. ఈ గౌరవమునంతయు ఒప్పుకొని, ఒక మాట చెప్పవలసియున్నది. ఈ పాత్రలన్నియు నిష్కల్మషములు. వీరికి అసూయ లేదు, పొగరు లేదు, స్వార్థము లేదు. వికలాంగుని దుష్టుని చేయుట యెట్లు మూసయో, పసిపాపను చేయుటయు నట్లే మూస. ఇది కొంత మెత్తని మూస.

ఇటీవల మరియొక మూస బయలుదేరినది. లోపమునకు ప్రతిగా భగవంతుడు అద్భుతశక్తి నొసగునని దాని సారము. 'రాజా ది గ్రేట్' (2017)లో అంధుడైన కథానాయకుడు చప్పుడును బట్టి శత్రువులను చిత్తుచేయును. వినోదమునకు కొరతలేని చిత్రమే. అయితే చూపులేనివారి చెవికి పుట్టుకతో వచ్చిన మహిమ యేమియు లేదు. ఉన్నది సాధనచే అలవడిన శ్రద్ధ. ఆ సాధనను మహిమగా చూపినచో, వీధి దాటుటకు చేతికర్ర మోతను, కాలి క్రింది నేలను, వాహనముల వరుసను లెక్కగట్టుకొను మనుష్యుని శ్రమ తెరచాటైపోవును. చక్రాల కుర్చీ నాశ్రయించి బ్రదికిన ఆస్ట్రేలియా రచయిత్రి స్టెల్లా యంగ్, 2014లో చేసిన ప్రసిద్ధ ప్రసంగమున ఈ ధోరణినే ఎండగట్టెను: మీరు స్ఫూర్తి పొందుటకు మమ్ము వస్తువులను చేయవలదని ఆమె మొర. ఇక 'ఊపిరి' (2016)లో మెడక్రింది దేహము చచ్చుబడిన కథానాయకుడు నవ్వును, నవ్వించును, తిట్టును, ప్రేమించును, అంతవరకు మేలే. కాని అతడు కోటీశ్వరుడు. కుర్చీ త్రోయుటకు మనిషిని జీతమిచ్చి పెట్టుకొనజాలని కోట్లాదిమంది సంగతి ఆ కథకు వెలుపల నున్నది. వీనికంటె 'రంగస్థలం' (2018)లోని చిట్టిబాబు మనకు దగ్గరివాడు. వినికిడి తక్కువ, ఊరివారు పెట్టిన పేరు 'సౌండ్ ఇంజినీర్', మోటారుతో పొలములకు నీరు పెట్టుట వృత్తి. కోపిష్ఠి, మొండివాడు, ప్రేమగలవాడు. చెవుడు అతనిని దేవుని చేయలేదు, దయ్యమును చేయలేదు.

వైకల్యమును దినచర్యగా చూపుట సాధ్యమేనా యని సందేహించువారు గుల్జార్ తీసిన 'కోశిశ్' (1972)ను చూడవలెను. సంజీవ్ కుమార్, జయా భాదురీ ధరించిన చెవిటిమూగ దంపతులు తమ మొదటి బిడ్డను కోల్పోయిరి. రాత్రివేళ ఆ బిడ్డ యేడ్పు వినగలిగినవారు ఇంట లేకుండుటయే దానికి కారణము. రెండవ బిడ్డ పుట్టిన పిదప, వాడికైనను వినికిడి యున్నదో లేదో తెలిసికొన గోరి, తండ్రి గిలక తీసికొని చెవియొద్ద ఊపును. బిడ్డ కదలడు. మరల ఊపును, కదలడు. తల్లిదండ్రుల ముఖములు పాలిపోవును. బిడ్డనెత్తుకొని వైద్యునియొద్దకు పరుగెత్తిన పిదప గదా తెలియును, ఆ గిలకలో గులకరాళ్లే లేవని! ప్రేక్షకుడు నవ్వును, ఆ నవ్వులోనే కన్నీరు పెట్టును. కాని వారినిచూచి నవ్వడు. శబ్దము లేని లోకమున శబ్దము చేయవలసిన వస్తువు మోసపుచ్చుట ఎట్టిదో ఆ యొక్క ఘట్టము తేటతెల్లము చేయును. సాయి పరాంజపే 'స్పర్శ్' (1980)లో నసీరుద్దీన్ షా ధరించిన అంధపాఠశాల ప్రధానాధ్యాపకుడు ఇంకొక మెట్టు పైవాడు. తన గదికి వచ్చిన అతిథికి తానే కాఫీ అందించబోవగా, ఆమె చేయిసాయము చేయబోవును, అతడు మండిపడును. అభిమానము మితిమీరి అహంకారమైన ఆ మనిషిపై మనకు కోపము వచ్చును. తెరమీది అంధునిపై ప్రేక్షకునికి న్యాయమైన కోపము రాగలుగుట సామాన్యమైన గౌరవము కాదు. ఆ పాఠశాలలోని బాలురును నిజముగా చూపులేనివారే.

దీనినుండియే అసలు ప్రశ్న పుట్టుచున్నది: ఆ వేషమును ఎవరు వేయవలెను? 1946లో విలియం వైలర్ 'ద బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్' తీయుచు, రెండు చేతులు పోయిన నావికుని పాత్రకు వృత్తినటుని గాక, సైనిక శిక్షణశిబిరమున ప్రేలుడు పదార్థము ప్రేలి నిజముగ రెండు చేతులు కోల్పోయిన హెరాల్డ్ రసెల్‌ను ఎన్నుకొనెను. ఒక రాత్రి అతడు, తన్ను పెండ్లాడ నెంచిన పిల్లను గదిలోనికి పిలిచి, చేతులకు బదులున్న ఇనుపకొక్కెములను విప్పి చూపును. ఇవి తీసిన పిమ్మట చొక్కా బొత్తాములు పెట్టుకొనలేననియు, గాలికి తలుపు మూసికొన్నచో తెరచుకొనలేననియు మామూలు గొంతుతో చెప్పును. ఆ పిల్ల జాలిమాట యొక్కటియు పలుకక అతని బొత్తాములు పెట్టును. అభ్యాసముచే ఏ మహానటుడును తేలేని తేటదనము ఆ మొండిచేతులలో నున్నది. ఆ పాత్రకై రసెల్‌కు రెండు ఆస్కార్ బహుమానములు లభించినవి.

మన తెలుగునకు అట్టి గర్వకారణ మొకటి కలదు. సింగీతం శ్రీనివాసరావుగారు 1981లో కమల్ హాసన్‌తో 'అమావాస్య చంద్రుడు' తీసిరి. అందు అంధుడైన వయొలిన్ విద్వాంసుని వేషమును చూపుగల నటుడే ధరించెను. ఆ యేడే తమిళనాడున బస్సు ప్రమాదమున గాయపడి, కాలు కుళ్లుటచే మోకాటి దిగువ భాగమును తీసివేయగా, సుధా చంద్రన్ అను భరతనాట్య కళాకారిణి 'జైపూర్ పాదము' ధరించి మరల అడుగులు నేర్చుకొనసాగెను. ఆ పాదము శిల్పి రామచంద్రశర్మ చేతిపనియు, డాక్టర్ పి.కె. సేఠీ వైద్యజ్ఞానమును కలిసి పుట్టినది. బూటు తొడిగిననే గాని పనికిరాని పాశ్చాత్య కృత్రిమపాదము నేలపై బాసిపెట్టు వేసికొను మనకు నప్పదు. రబ్బరుతో చేసిన ఈ పాదముతో వట్టికాళ్లతో నడువవచ్చును, గొంతుకూర్చుండవచ్చును, తడినేలను త్రొక్కవచ్చును. అయినను అది నాట్యమునకై చేసినది కాదు. అడుగు వేసినప్పుడెల్ల మొండికాలు ఒరసికొని నెత్తురు కారుచుండగా ఆమె సాధన సాగించి, మరల రంగస్థలమెక్కెను. ఆ సంగతి విని రామోజీరావుగారు నిర్మాతయై, సింగీతంవారు దర్శకులై 1985లో 'మయూరి' తీసిరి. ఆమె కథలో ఆమెయే నటించెను. జాతీయ చలనచిత్ర పురస్కారములలో ప్రత్యేక జ్యూరీ గౌరవమును పొందెను. మరుసటి యేడు 'నాచే మయూరి'గా ఆ కథ హిందీకి పోయెను.

'మయూరి' గొప్పతనమును అందరును ఎరుగుదురు. దానికంటె గొప్పదగు సంగతి ఆ తరువాత జరిగినది. 2001లో మొదలైన 'కహీఁ కిసీ రోజ్' అను హిందీ ధారావాహికలో సుధా చంద్రన్ రమోలా సికంద్ అను పొగరుబోతు అత్తయై, వింత వింత బొట్లతో ఇంటింటను ప్రసిద్ధి కెక్కెను. ఆ పాత్రలో ఆమె కాలి ప్రసక్తి యేమియు లేదు. కన్ను చెడినందున లలితా పవార్ కెక్కువగా గయ్యాళి అత్త వేషములే వచ్చెను. కాలు లేకపోయినను, ఆ కాలితో నిమిత్తము లేక సుధా చంద్రన్ అదే వేషము వేసెను. ఈ రెండు అత్తల నడుమ నున్న దూరమే మన తెర నడువవలసిన దూరము. విచారకరమైన సంగతి యేమన, 'మయూరి' వచ్చి నలువదేండ్లు నిండినను, వికలాంగులైన నటులకు తెలుగు తెరపై ప్రధానవేషములు దక్కుట నేటికిని అరుదు. హాలీవుడ్‌లో బధిరురాలైన మార్లీ మాట్లిన్ 1986 నాటి చిత్రమునకు ఉత్తమ నటిగా ఆస్కార్ పొందగా, బధిరుడైన నటునికి, ట్రాయ్ కాట్సర్‌కు, సహాయనటునిగా ఆస్కార్ దక్కుటకు 2022 వరకు పట్టినది. అక్కడను వేగము నత్తనడకయే. హిందీలో 2025లో వచ్చిన 'సితారే జమీన్ పర్' బుద్ధిమాంద్యముగల యువకులనే నటులనుగా తీసికొని ఒక తలుపు తెరచినది.

ఈ విషయము న్యాయస్థానమునకును ఎక్కినది. 'ఆంఖ్ మిచోలీ' అను హిందీ చిత్రమున వికలాంగులను అవహేళన చేసిరని నిపుణ్ మల్హోత్రా వేసిన వ్యాజ్యమున, 2024 జులై 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. చిత్రముపై నిషేధాజ్ఞ ఇయ్యలేదు గాని, ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ ధర్మాసనము ఒక విలువైన విభేదమును చూపెను: వైకల్యమును గూర్చి మన యెరుకను పెంచు హాస్యము వేరు, వికలాంగుని చిన్నబుచ్చు హాస్యము వేరు. 'కోశిశ్' గిలక మొదటిదానికి నిదర్శనము. నత్తిని, చెముడును, రేచీకటిని పట్టుకొని మన హాస్యఘట్టములలో జరుగు కోతిచేష్టలు రెండవదానికి నిదర్శనములు. రేచీకటివంటి స్థితిని చూపదలచినవారు ముందుగా దానిని గూర్చి తెలిసికొనవలెననియు, వికలాంగులను వెక్కిరింపగూడదు, అతిమానుషులనుగ చూపగూడదనియు, వారిని గూర్చిన చిత్రణమున వారిని సంప్రదింపవలెననియు ఆ తీర్పు చెప్పుచున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. నలుగురిలో బుద్ధిపూర్వకముగా వికలాంగుని అవమానించినవానికి శిక్షయు విధించుచున్నది.

తెరమీదివారి సంగతి యటుండగా, తెర యెదుటివారి సంగతియు కలదు. అంధుడు సినిమా చూచునా యని నవ్వువారికి ఆడియో డిస్క్రిప్షన్ అన నేమో తెలియదు. సంభాషణకును సంభాషణకును నడుమ నున్న విరామమున, ఎవరు వచ్చిరో, ఎవరు కత్తి దాచిరో, ఎవరి కన్ను చెమర్చినదో ఒక గొంతు క్లుప్తముగా చెప్పుచుండును. దానిని ప్రేక్షకుడు చెవిలో వినును. వినికిడి లేనివారికి మాటలతోపాటు చప్పుళ్లనుగూడ అక్షరములలో చూపుదురు. 2023లో 'పఠాన్' విషయమున ఢిల్లీ హైకోర్టు ఇట్టి సౌకర్యములను కల్పించుమని యాజ్ఞాపించెను. 2024 మార్చిలో కేంద్ర సమాచార ప్రసార శాఖ, ఒకటికంటె నెక్కువ భాషలలో ధ్రువీకరణ పొందు చిత్రములకు ఇవి యుండవలెనని మార్గదర్శకములు వెలువరించెను. పలుభాషలలో విడుదలయగు మన తెలుగు భారీచిత్రములకు ఇది వర్తించునని వేరే చెప్పనక్కరలేదు.

ఈ చర్చ సారమునంతయు మచిలీపట్నము దాపున పుట్టిన శ్రీకాంత్ బొల్లా జీవితమున చూడవచ్చును. పదవ తరగతి గట్టెక్కిన పిదప విజ్ఞానశాస్త్రము చదువగోరిన ఆ అంధబాలునికి అడ్డుపడినది అతని కన్నులు కావు. అంధులకు ఆ కోర్సు ఇయ్యరాదన్న నియమము. అతడు న్యాయస్థానమున పోరాడి సీటు తెచ్చుకొని, అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివి, హైదరాబాదున పరిశ్రమ నెలకొల్పెను. మన తెలుగువాని యీ కథ 2024లో 'శ్రీకాంత్' అను పేర హిందీలో చిత్రమైనది. చూపుగల రాజ్‌కుమార్ రావు ఆ వేషము వేసిరి. మన నిర్మాతలకు పెరటిచెట్టు మందు కాకపోయినది! ఆ కథ చెప్పు సత్యము మాత్రము అందరిది: వైకల్యము శరీరమున కొంతయే, మెట్లలో, నియమములలో, మన చూపులో మిక్కిలి.

కావున రచయితలును దర్శకులును ఒక పరీక్ష పెట్టుకొనవలెను. వ్రాసిన పాత్రనుండి వైకల్యమును తీసివేసినపుడు మనిషి మిగులునేని ఆ పాత్ర మంచిది. ఏమియు మిగులనియెడల అది చిహ్నమే గాని పాత్ర కాదు. నిర్మాతలు ఆ వేషములకు వికలాంగులైన నటులను పిలిచి చూడవలెను. మనమును ఊరకుండరాదు. వెక్కిరింత వచ్చినచోట నవ్వకుండుట మన చేతిలోని పని. మీ యూరి థియేటరు యజమానిని, మెట్ల ప్రక్కన వాలుదారి యేదని, ఆడియో డిస్క్రిప్షన్ ఎప్పుడు పెట్టుదురని ఒకసారి యడుగుడు. అడిగినవారికే గాని ఈ దేశమున ఏదియు రాదు.